నొక్కినా చెరగని మచ్చలు

ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుళ్లు వెనకబడ్డాయి. శిరివెళ్ల మీదుగా వచ్చిన 108 నంద్యాల ప్రభుత్వాసుపత్రి ముందు ఆగింది. రెండు రోజుల బిడ్డను పొదివి పట్టుకొని అవ్వ దిగుతోంది. ఆమె వెనకే మీరూ పసిపిల్లల వార్డులోకి నడవండి.

వార్మర్ కింద బిడ్డ. నెలలు నిండి పుట్టినా బరువు 2 కిలోలే. ఒంటి నిండా ఊదారంగు చుక్కలు. డాక్టరు ఒకదాన్ని వేలితో నొక్కి వదిలాడు. రంగు మారలేదు. మామూలు దద్దయితే పాలిపోయేది. ఇది చర్మం కింద కమిలిన రక్తం. టేపు చుట్టి తల కొలిచాడు: 31 సెంటీమీటర్లు. మామూలుగా 33 నుంచి 35 ఉంటుంది. పక్కటెముకల కింద కాలేయం గట్టిగా వేళ్లకు తగులుతోంది.

వీటిలో ఏ ఒక్కటీ జబ్బు పేరు చెప్పదు. సిఫిలిస్, టాక్సోప్లాస్మా, సైటోమెగలో వైరస్, రుబెల్లా కడుపులోనే బిడ్డకు సోకినప్పుడు చాలా గుర్తులు ఒకేలా ఉంటాయి.

ఆఫ్తాల్మోస్కోపు వెలుగు కంట్లో పడింది. మీరూ వంగి చూడండి. కనుపాప ఎర్రగా మెరవాలి, తెల్లగా మసకేసింది. శుక్లం. గుండె మీద స్టెతస్కోపు పెడితే ఆగని రొద.

"కడుపుతో ఉన్నప్పుడు అమ్మాయికి జరమొచ్చిందా అవ్వా?"

"రెండో నెలలో వచ్చినాది సార్. ఒళ్లంతా సన్న దద్దులు. అమ్మవారనుకోని వేపమండలు పెట్టినాం. మూడు దినాలకే తగ్గిపాయె."

గుర్తులన్నిటినీ కలిపే దారం ఆ మూడు దినాల్లో ఉంది. 1941లో ఆస్ట్రేలియా కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ శుక్లాలతో పుట్టిన బిడ్డల తల్లుల గర్భకాలాన్ని ఆరా తీసే రుబెల్లాను పట్టుకున్నాడు.

రుబెల్లా ఐజీఎమ్ పరీక్షకు రక్తం తీశారు. యాంటీబాడీల్లో తల్లి ఐజీజీ మాయ దాటి బిడ్డకు వస్తుంది, ఐజీఎమ్ రాదు. అది కనబడితే బిడ్డ ఒళ్లే వైరస్‌తో పోరాడిందన్నమాట. సైటోమెగలో కోసం మూత్రం కూడా పంపారు. మూడు వారాలు దాటితే పుట్టకముందు సోకిందో తర్వాత సోకిందో తేలదు. సిఫిలిస్ కోసం తల్లి కార్డులో వీడీఆర్ఎల్ ఫలితం చూశారు.

"కడుపుతో ఉన్న సిస్టర్లు ఈ బిడ్డను ముట్టుకోవద్దమ్మా." రుబెల్లా వైరస్ బిడ్డ గొంతులో, మూత్రంలో ఏడాది దాకా ఉండొచ్చు.

శుక్లానికి కర్నూలు కంటి ఆసుపత్రి, తర్వాత చెవుల పరీక్ష, గుండె స్కాన్: డాక్టరు చీటీ రాస్తున్నాడు.

2017 ఆగస్టులో రాష్ట్రమంతా 15 ఏళ్లలోపు పిల్లలకు తట్టు-రుబెల్లా టీకా వేశారు. అప్పటికే ఆ ఈడు దాటిన ఈ ఇంటి ఆడపిల్లలిద్దరికీ అందలేదు.

"చిన్నదానికి మొన్ననే పెండ్లి కుదిరింది సార్," అంది అవ్వ.

"పెండ్లికి ముందే టీకా వేయించవ్వా. వేసినాక నెల దాకా కడుపు రాకుండా చూసుకోమను."