క్షణమును విభజించిన కెమెరా

పరుగెత్తు గుఱ్ఱము నాలుగు కాళ్లును ఒక్కసారిగా నేలను విడుచునా? మన కన్ను దీనికి సమాధానము చెప్పజాలదు. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 12 కెమెరాలను వరుసగా నిలిపి, దారికి అడ్డముగా దారములు కట్టించెను. గుఱ్ఱము తాకిన దారము తెగినకొలది ఒక్కొక్క కెమెరా పనిచేసెను. కాళ్లన్నియు గాలిలో నుండు క్షణము కలదని రుజువయ్యెను.

అన్ని కెమెరాలెందుకు? ఒక ఫలకమును తీసి మరియొకటి అమర్చులోపల గుఱ్ఱము దాటిపోవును. ఈ చిక్కును విడదీయుటకై 1882లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు మారే, తుపాకి వంటి కెమెరాలో ఫలకమునే త్రిప్పి, సెకనుకు 12 చిత్రములు తీసెను.

నేడు మనము వాడు డిజిటల్ కెమెరాలో ఫలకము లేదు. చిక్కు మాత్రము మిగిలియున్నది. చిత్రములు మొదట తాత్కాలిక మెమరీలో చేరి, పిమ్మట కార్డుపైకి పోవును. ఆ మెమరీ నిండినచో వేగము పడిపోవును. కావుననే వేగము కోరువారు త్వరగా వ్రాసుకొను కార్డును, చిన్న ఫైళ్లను ఎన్నుకొందురు. వెలుతురు చాలక ఒక్కొక్క చిత్రమునకు సెకనులో పదవ వంతు పట్టినచో, ఏ కెమెరాయైనను సెకనుకు పదికి మించి తీయజాలదు.

2023లో సోనీ ప్రకటించిన ఒక కెమెరా సెకనుకు 120 చిత్రములు తీయగలదు. అయినను మైబ్రిడ్జ్ ఎదుర్కొన్న సూత్రమే మనకును వర్తించును: వెలుతురును, తరువాతి చిత్రమునకు చోటును ఎంత త్వరగా సమకూరునో, కెమెరా వేగము అంతయే.