పిల్లల సంరక్షణ: లెక్కకు ఎక్కని గంటల చరిత్ర

ప్రవేశిక

పిల్లల సంరక్షణకు ఒక కుటుంబం వారానికి ఎన్ని గంటలు వెచ్చిస్తుంది? మన దేశంలో ఈ ప్రశ్నకు చాలాకాలం అధికారిక సమాధానం లేదు. శిస్తు లెక్కల్లో భూమి, పంట, పన్ను కనిపిస్తాయి. బిడ్డకు నీళ్లు పోసి, అన్నం తినిపించి, నిద్రపుచ్చిన సమయం ఏ దస్తావేజులోనూ కనిపించదు. ఈ సమయాన్ని కొలవడం ఎలా మొదలైందో, దానివల్ల ఏం మారిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

జనగణనలో గృహిణి

1971 జనగణనలో ప్రజలను ప్రధాన వ్యాపకం ఆధారంగా వర్గీకరించారు. ఇంటి పనే ప్రధానమని నమోదైన స్త్రీ శ్రామికేతరుల జాబితాలో చేరింది. 1961తో పోలిస్తే స్త్రీ శ్రామికుల సంఖ్య బాగా పడిపోయినట్లు కనిపించడానికి ఈ నిర్వచనం ఒక ముఖ్య కారణం. అదే దశాబ్దంలో దేవకీ జైన్, మాలినీ చంద్ రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో స్త్రీల దినచర్యను పరిశీలించారు. పనిలేనివారుగా నమోదైన స్త్రీలు రోజంతా ఎన్నో పనులు చేస్తున్నారని ఆ అధ్యయనం చూపింది.

గంటల లెక్క

1995లో బీజింగ్‌లో జరిగిన ప్రపంచ మహిళా సదస్సు, వేతనం లేని పనిని కొలవాలని ప్రభుత్వాలను కోరింది. ఆ తరువాత 1998-99లో హర్యానా, మధ్యప్రదేశ్, గుజరాత్, ఒరిస్సా, తమిళనాడు, మేఘాలయలలో ప్రయోగాత్మకంగా సమయ వినియోగ సర్వే జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. దేశవ్యాప్త సర్వే 2019లో జరిగింది. ముందురోజు ఉదయం 4 గంటల నుంచి 24 గంటలను అరగంట చొప్పున విభజించి, ఏ సమయంలో ఏం చేశారో అడిగారు.

ఆ సర్వే ప్రకారం, కుటుంబ సభ్యుల సంరక్షణలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు వెచ్చించారు. ప్రతిరోజూ ఇంతే సమయం పడుతుందనుకుంటే, వారానికి స్త్రీకి 15 గంటలు దాటుతుంది, పురుషునికి దాదాపు 9 గంటలవుతుంది.

ఈ అంకెలను చదివేటప్పుడు మూడు విషయాలు గమనించాలి. మొదటిది, ఇవి సంరక్షణలో పాల్గొన్నవారి సగటులు మాత్రమే. ఏ రోజు చూసినా పాల్గొన్న స్త్రీలు 27.6 శాతం, పురుషులు 14 శాతం. రెండవది, సర్వే 6 ఏళ్లు నిండిన వారందరికీ వర్తించింది. కాబట్టి తమ్ముణ్ణి ఎత్తుకున్న అక్క, మనవణ్ణి చూసుకున్న నానమ్మ కూడా ఇందులో ఉన్నారు; వృద్ధుల సేవ కూడా ఇందులో కలిసింది. మూడవది, పొయ్యి దగ్గర వంట చేస్తూనే పాకే బిడ్డపై ఉంచిన కన్ను వంటగానే నమోదయ్యే అవకాశం ఉంది.

న్యాయస్థానంలో ఈ లెక్క

రోడ్డు ప్రమాదంలో గృహిణి మరణిస్తే ఆమెకు సంపాదన లేదు గనుక ఆ కుటుంబానికి కలిగిన నష్టం ఎంత? 2010లో ఇటువంటి ఒక కేసులో సుప్రీంకోర్టు, గృహిణులను 2001 జనగణనలో యాచకులు, ఖైదీలతో పాటు పనిచేయనివారి వర్గంలో చేర్చడాన్ని తప్పుపట్టింది. 2021 జనవరిలో ఇద్దరు చిన్న పిల్లల తల్లిదండ్రులు ప్రమాదంలో మరణించిన కేసులో పరిహారాన్ని పెంచింది. ఆ తీర్పులో తన అభిప్రాయాన్ని విడిగా రాసిన జస్టిస్ ఎన్.వి. రమణ 2019 సర్వేలోని 134, 76 నిమిషాల లెక్కను ప్రస్తావించారు. తల్లి పని విలువకు అలా ఒక అధికారిక ఆధారం దొరికింది.

ముగింపు

లెక్కించినంత మాత్రాన పని పంచినట్లు కాదు. 2024 సర్వేలో 15-59 ఏళ్ల వారిలో సంరక్షణలో పాల్గొన్న స్త్రీలు రోజుకు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చించారు. అయితే లెక్క లేనప్పుడు నష్టపోయింది తల్లిని కోల్పోయిన పిల్లలే. ఒక సమాజం దేన్ని పనిగా గుర్తించిందో దాని జనగణన పట్టికలే చెబుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1971 జనగణన నిర్వచనం స్త్రీ శ్రామికుల లెక్కపై చూపిన ప్రభావమేమిటి?
2. మీ ఇంట్లో ఒక రోజును అరగంటలుగా విభజించి, పిల్లల సంరక్షణ ఎవరి వంతుకు ఎంత వచ్చిందో రాయండి.