గరుసు నేలల షియర్ బలం

కంకర, గులకరాళ్ళు, రాతి ముక్కలు ఎక్కువగా కలిసిన ముతక నేలలో ఒక పొర మరొక పొరపై జారిపోకుండా ఎదిరించే శక్తిని గరుసు నేలల షియర్ బలం అంటారు. మట్టికట్టలు, రాతికట్టల వాలు ఎంత నిటారుగా ఉండవచ్చో ఈ బలాన్ని బట్టి నిర్ణయిస్తారు.

కారణాలు

బంకమట్టి రేణువులు ఒకదానినొకటి అంటుకొని ఉంటాయి. గరుసులో ఈ అతుకు దాదాపు ఉండదు. రాళ్ళ మధ్య రాపిడి వలన, వాటి అంచులు ఒకదానిలో ఒకటి చిక్కుకోవడం వలన బలం వస్తుంది. దీనిని అంతర్ఘర్షణ కోణంతో కొలుస్తారు. వదులు ఇసుకకు ఈ కోణం సుమారు 30 డిగ్రీలు. రోలరుతో బాగా అణచిన గరుకు రాతి ముక్కలకు 40 నుండి 45 డిగ్రీలు, తక్కువ బరువు కింద అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. పై బరువు పెరిగేకొద్దీ రాళ్ళ అంచులు నలిగి కోణం తగ్గుతుంది. కాబట్టి ఎత్తైన కట్ట అడుగుపొరకు, పైపొరకు ఒకే విలువ వాడటం ప్రమాదకరం.

పరీక్షలు

మామూలు షియర్ పెట్టె 60 మిల్లీమీటర్ల చదరం. అందులో పెద్ద రాళ్ళు పట్టవు. అందువలన కంకర నేలలకు 300 మి.మీ. పెట్టెలు వాడతారు. మెక్సికోలో 1960లలో రావుల్ మార్సల్ 113 సెం.మీ. వ్యాసం గల నమూనాలను పరీక్షించాడు.

నంద్యాల ప్రాంతం

కుందూ లోయలోని నల్లరేగడి తడిస్తే ఉబ్బి బలం కోల్పోతుంది, ఎండితే బీటలు వారుతుంది. తూర్పున నల్లమల కొండలలో గట్టి క్వార్ట్‌జైటు రాయి ఉంది. సాధారణంగా మట్టికట్ట నడుమ నీటిని ఆపే బంకమట్టిని, ఇరువైపులా బలాన్నిచ్చే గరుసును వేస్తారు. ఆళ్ళగడ్డ వైపు నీరందించే తెలుగుగంగ పథకంలోని వెలుగోడు జలాశయానిది మట్టికట్టే. దీని సామర్థ్యం సుమారు 17 టి.ఎం.సి.లు. ఇటువంటి జలాశయాలలో నీటిమట్టం త్వరగా తగ్గినపుడు బంకమట్టిలోని నీరు వెంటనే బయటకు పోక, లోపలి వాలు జారే ప్రమాదముంది. గరుసు నుండి నీరు త్వరగా దిగిపోతుంది. ఈ స్థితికి భారతీయ ప్రమాణాలు 1.3 భద్రతా గుణకాన్ని, నిలకడగా నీరు ఊరే స్థితిలో బయటి వాలుకు 1.5ను సూచిస్తాయి.

పరిమితులు

షియర్ బలం జారుడును ఆపుతుంది గాని, కట్టపై నుండి పొర్లే నీటి కోతను ఆపలేదు. 2021 నవంబరు 19న చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట వరద పొర్లి కొట్టుకుపోయింది. దిగువ గ్రామాలలో పలువురు మరణించారు. అందువలన కట్ట బలంతో పాటు వరదను వదిలే గేట్లు, అలుగు సామర్థ్యం కూడా అంతే ముఖ్యమైనవి.