మాల్టా రాజ్యాంగ రెఫరెండం (1964)

మధ్యధరా సముద్రంలోని బ్రిటిష్ వలస మాల్టాలో 1964 మే 2 నుంచి 4 వరకు ఈ రెఫరెండం జరిగింది. దీన్ని స్వాతంత్ర్యంపై ఓటింగుగా చెప్పడం పరిపాటి. కానీ ఓటర్లను అడిగింది అది కాదు. ప్రభుత్వం ప్రతిపాదించి, శాసనసభ ఆమోదించి, గెజిట్‌లో ప్రచురించిన రాజ్యాంగం మీకు సమ్మతమేనా అని మాత్రమే అడిగారు. అవునన్నవారు 65,714 మంది, కాదన్నవారు 54,919 మంది. చెల్లని ఓట్లు 9,016. ఈ ‘కాదు’లన్నిటినీ స్వాతంత్ర్యానికి వ్యతిరేకంగా పడ్డ ఓట్లుగా జమకట్టడం సరికాదు. ప్రధాన ప్రతిపక్షమైన డామ్ మింటాఫ్ లేబర్ పార్టీ కూడా స్వాతంత్ర్యమే కోరింది. నేషనలిస్టు పార్టీకి చెందిన ప్రధాని బోర్గ్ ఒలివియే ముసాయిదాలో చర్చికి దక్కిన స్థానమే దానికి మింగుడు పడలేదు. ఆ పట్టుదల ఊరికే పుట్టింది కాదు. 1961లో ఆర్చిబిషప్ మైకేల్ గోంజీ ఆ పార్టీ కార్యవర్గాన్ని మతసంస్కారాల నుంచి వెలివేశారు. అదే ఏడాది మరణించిన పార్టీ ముఖ్యనేత గుజే ఎల్లుల్ మెర్సర్‌ను అద్దొలొరాటా శ్మశానంలో పవిత్రీకరించని చోట పూడ్చవలసి వచ్చింది. అంతటి అవమానం పడ్డవాళ్లు క్యాథలిక్ మతాన్ని దేశ మతంగా ప్రకటించే పత్రానికి తల ఊపాలని ఆశించడం అన్యాయం. హెర్బర్ట్ గనాడో, టోనీ పెల్లెగ్రీని, మేబెల్ స్ట్రిక్లండ్‌ల చిన్న పార్టీలు మాత్రం అప్పటికి స్వాతంత్ర్యమే వద్దన్నాయి. డాక్‌యార్డు, బ్రిటిష్ స్థావరాల జీతాల మీద ఎన్నో ఇళ్లు నడిచే దీవిలో ఆ జంకూ అర్థమయ్యేదే.

మొత్తం 1,62,743 మంది ఓటర్లలో సమ్మతించింది 40 శాతమే కదా, దీన్ని ప్రజామోదం అనవచ్చా అన్నది గట్టి ఆక్షేపణే. 1956లో బ్రిటన్‌తో విలీనంపై పెట్టిన రెఫరెండంలో పోలైన ఓట్లలో 77 శాతం అనుకూలంగా వచ్చినా, నేషనలిస్టులు బహిష్కరించడంతో పోలింగు 59 శాతం దగ్గరే ఆగింది, విలీనం జరగలేదు. అదే కొలత 1964కూ వర్తించాలి కదా అంటారు. వర్తించదు. 1956లో పేచీ విలీనం మీదే. 1964 నాటికి స్వాతంత్ర్యం కోరే రెండు పెద్ద పార్టీలకూ కలిపి, 1962 ఎన్నికల్లో గెలిచిన సీట్లు 50లో 41. స్వాతంత్ర్యానికి ఆమోదం ఆ ఎన్నికల్లో దొరికింది. రెఫరెండం బయటపెట్టింది రాజ్యాంగంపై చీలికను. అందుకే ఈ గెలుపును ఏకాభిప్రాయంగా చూపడమూ తప్పే. మే 31లోపు రావలసిన స్వాతంత్ర్యం లండన్‌లో చర్చలు సాగి సెప్టెంబరు 21న వచ్చింది. దానితోపాటే పదేళ్ల రక్షణ ఒప్పందమూ వచ్చింది, దేశాధినేతగా బ్రిటిష్ రాణే కొనసాగారు. మింటాఫ్ ప్రభుత్వం 1974 డిసెంబరు 13న మాల్టాను రిపబ్లిక్‌గా మార్చినప్పుడు నేషనలిస్టు సభ్యుల్లో ఎక్కువమంది బలపరిచారు. వ్యతిరేకించిన కొద్దిమందిలో బోర్గ్ ఒలివియే ఒకరు. ఆ మార్పుకు రెఫరెండం పెట్టలేదు.