పైరునకు తెలిసిన ఆకలి

తుత్తునాగమను మాట మీకు క్రొత్తది కాదు. కంచరులు దానిని రాగితో గలిపి ఇత్తడి చేయుదురు. నేడు ఎరువుల అంగళ్లలో జింకు సల్ఫేటను పేర అమ్మబడు తెల్లని పలుకులలో నున్నదియు నీ లోహమే. మన దేహమున నిది రెండు మూడు గ్రాములకు మించి యుండదు. ఇంత స్వల్పమైన వస్తువు కొఱవడుటచే ఇరువదేండ్ల యువకులు పదేండ్ల బాలురవలె నిలిచిపోయి రనియు, ఆ కొఱతకు వారు దినదినము తిను రొట్టెయే కారణమనియు వైద్యులు గ్రహించుటకు బహుకాలము పట్టినది.

బీహారులోని బక్సరున జన్మించి, పాట్నాలో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాలో పరిశోధనము గావించిన ఆనంద ప్రసాదుగారు 1958లో ఇరానుదేశపు షీరాజు నగరమునకు బోయిరి. అచట వైద్యశాలలో ఆయనకొక రోగిని చూపిరి. వయస్సు 21 సంవత్సరములు. ఆకారము చూడ పదేండ్లైన నిండని బాలుడు. మీసకట్టు లేదు, చర్మము గరుకు, ఒడలంతయు పాలిపోయి యుండెను, మనస్సు మందము. మాంసము, గ్రుడ్లు, పాలు ఎఱుగడు. పులియని గోధుమరొట్టె యొక్కటే ఆహారము. అదిగాక బంకమన్ను తిను నలవాటు కలదు. ఇట్టివారు చుట్టుపట్ల పల్లెలలో ననేకులు కలరని స్థానిక వైద్యులు చెప్పగా ప్రసాదుగారు వెదకి మఱి పదిమందిని గనుగొనిరి.

రక్తహీనతకు ఇనుము ఔషధముగా నిచ్చిరి, రక్తము పట్టినది. కాని ఇనుము తక్కువైనంత మాత్రమున ఎదుగుదల యింతగా నాగిపోవునా? జింకులేని మేత మేపిన ఎలుకలు గిడసబారునని 1930ల నాటికే తెలిసియుండెను. ఈ పల్లెవాసులకును అదియే కొఱతయై యుండవచ్చునని ప్రసాదుగారు 1961లో ప్రకటించిరి. పలువురు నమ్మరైరి. భూమిమీద నంతట నున్న లోహము మనుష్యునికెట్లు కొఱవడును అని వారి యాక్షేపణ. పిమ్మట ఆయన ఈజిప్టునకు బోయి, కైరో సమీప గ్రామములలో అట్టి యువకులనే పరీక్షించి, 1963లో ఆ కొఱతను నిరూపించిరి. జింకు నొసగగా కొందఱు ఒక్క యేడాదిలో 5, 6 అంగుళములు పెరిగిరి.

రొట్టె చేసిన దోషమేమి? గోధుమ పొట్టులో ఫైటేటను పదార్థము కలదు. అది జింకును బిగియబట్టి ప్రేవులకు అందనీయదు. పిండి పులిసినచో ఆ పట్టు కొంత సడలును. మన స్త్రీలు అట్లపిండి పులియబెట్టుట రుచికొఱకే యైనను, అందువలన ఈ మేలును కలుగుచున్నది.

ఇందొక చింతింపదగిన విషయము కలదు. జింకు లేనిది పైరు బ్రతుకజాలదని కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు 1926లోనే రుజువు చేసిరి. మన దేశమున పంత్‌నగరమునందు నేనేగారు వరిపైరునకు వచ్చు ఖైరా తెగులు జింకు కొఱతవలన గలుగునదని 1966లో తెలిపిరి. ఆకు కాచురంగునకు మాఱుటచే దానికా పేరు. పైరు ఆకుమీద తన ఆకలిని వ్రాసి చూపును, రైతు చదువుకొనును. ఆ పైరు గింజను తిను బిడ్డ ఆకలి ఎవ్వరికిని కనబడలేదు. మనుష్యునికి దినమునకింత జింకు కావలెనని అమెరికా విద్వత్సంఘము నిర్ణయించినది 1974లో మాత్రమే.

నేలకును దేహమునకును గల ఈ సంబంధము టర్కీలో స్పష్టపడినది. మధ్య అనటోలియా పీఠభూమి గోధుమ పండు సీమ. నేల సున్నపునేల, వాన తక్కువ. అట్టిచోట జింకు ఉన్నను వేళ్లకు చిక్కదు. అదానా నగరపు చుకురోవా విశ్వవిద్యాలయమున నుండిన ఇస్మాయిల్ చక్మక్‌గారు తోడి శాస్త్రజ్ఞులతో 1993 మొదలు ఆ చేలను పరీక్షించిరి. వ్యయము ఉత్తర అట్లాంటిక్ సైనికకూటమి విజ్ఞాననిధినుండి వచ్చినది. ఆయుధముల కూటమి సొమ్ము గోధుమచేల పాలగుట మెచ్చదగినదే. జింకు వేసిన మళ్లలో దిగుబడి హెచ్చెను. ఎరువుల కర్మాగారములవారు మిశ్రమ ఎరువులలో జింకు చేర్ప మొదలిడిరి. పదేండ్లు గడచునప్పటికి వాని వాడుక ఏటేట లక్షల టన్నులైనది.

అయితే నేలకు వేసిన జింకు పంటను పెంచినంతగా గింజను బలపఱుపలేదు. వెన్ను తీయునప్పుడును, గింజ పాలుపోసుకొనునప్పుడును, నూఱు లీటర్ల నీటికి అరకిలో జింకు సల్ఫేటు కలిపి ఆకులపై చల్లినచో గింజలోనికి చక్కగా చేరునని తేలినది. 2008లో ఈ ప్రయత్నము భారతదేశముతో గూడ పలుదేశములకు వ్యాపించెను. చిక్కంతయు ఇచటనే యున్నది. ఆ వేళకు పంట పరిమాణము చాలవఱకు నిర్ణయమైపోవును. చల్లిన కూలి రైతుది, మేలు తినువానిది. అట్టి ఖర్చు నొక్క రైతుమీద మోపుట న్యాయము కాదని నా యభిప్రాయము.

కావున విత్తనమునందే ఆ గుణమును నిలుపుటకు మఱికొందఱు పూనిరి. మన పటాన్‌చెరువు పరిశోధనాలయమువారి సజ్జ వంగడము ధనశక్తి 2012లో మహారాష్ట్రమున విడుదలయ్యెను. దాని పూర్వబీజము ఆఫ్రికాలోని టోగోది. దానిలో విశేషము ఇనుము. హైదరాబాదు వరి పరిశోధనాలయమువారి డి.ఆర్.ఆర్. ధాన్ 45 వంగడము 2016లో వచ్చినది. మామూలు పాలిషు బియ్యము కిలోకు 12 మొదలు 16 మిల్లీగ్రాముల జింకు గలిగియుండగా, దీనియందు 22.6 మిల్లీగ్రాములు కలదు.

పప్పు, పాలు, గ్రుడ్లు పుష్కలముగా దినువారికి ఇదంతయు అనవసరమని కొందఱందురు. నిజమే, కాని అవి కొనజాలనివారి కంచమున మిగులునది అన్నమే కదా.

ఈ బియ్యమును కంటితో చూచి వర్తకుడు పోల్చలేడు, కావున ధర హెచ్చుగా నీయడు. ఇంటి తిండిగింజలకై వేఱుగా మడి విడుచు ఆచారము కొన్ని గ్రామములలో ఇప్పటికిని కలదు. అట్టి మడిలో ఈ విత్తు వేయువానికి అంగడి ధరతో పని లేదు. నేలలో లేనిదానిని విత్తనము పుట్టింపజాలదు గనుక, మట్టి పరీక్షలో జింకు తక్కువయని తేలినచో, విత్తుటకు ముందే సల్ఫేటు వేయవలెను.