మనసు కీడు శంకించడం

కారణం ఇదీ అని చెప్పలేకపోయినా, ఏదో చెడు జరగబోతోందని కలిగే దిగులునే కీడు శంకించడం అంటారు. జరగబోయేది ఫలానా అని కలలోనో మెలకువలోనో ముందుగా తోస్తే అది పూర్వసూచన. మొదటిది ఒంట్లో నిజంగా కలిగే అనుభూతి. రెండోది భవిష్యత్తు గురించి చెప్పే మాట, అది నిలుస్తుందో లేదో పరీక్షించాల్సిందే.

మగవారికి కుడికన్ను, ఆడవారికి ఎడమకన్ను అదిరితే మేలని, తారుమారైతే కీడని తెలుగువారి నమ్మకం. వాల్మీకి సుందరకాండలో హనుమంతుణ్ణి చూడకముందే సీతకు ఎడమకన్ను అదురుతుంది. వైద్యులు మాత్రం రెప్ప అదరడానికి సాధారణ కారణాలుగా నిద్రలేమి, అలసట, అతిగా కాఫీ తాగడం వంటివి చెబుతారు.

పూర్వసూచనలను పద్ధతిగా నమోదు చేసే ప్రయత్నం ఒక ఘోర దుర్ఘటన తర్వాత బ్రిటన్‌లో జరిగింది. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో బొగ్గుగని వ్యర్థాల గుట్ట జారి బడి మీద, ఇళ్ల మీద పడింది. 144 మంది చనిపోగా వారిలో 116 మంది పిల్లలే. ఇది ముందే తోచినవారు ఉంటే రాయమని మానసిక వైద్యుడు జాన్ బార్కర్ ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రిక ద్వారా కోరితే 76 ఉత్తరాలు వచ్చాయి. జరిగిపోయాక చెప్పేవి సాక్ష్యానికి నిలవవు కాబట్టి, ముందే రాసి పంపేవాటిని నమోదు చేసేందుకు 1967లో ఆ పత్రికతో కలిసి ఒక బ్యూరో పెట్టారు. తొలి ఏడాది 469 సూచనలు అందాయి. వాటిలో చాలామటుకు నిజం కాలేదు. నెరవేరినవాటినే మనం గుర్తుపెట్టుకుంటాం, తక్కినవి మరిచిపోతాం. అసలు విచారకరమైనది వేరే ఉంది. బడి వెనక గుట్ట ప్రమాదకరమని స్థానిక మున్సిపల్ ఇంజినీరు 1963లోనే గనిని నడిపే బొగ్గు బోర్డుకు ఉత్తరం రాశారు. పట్టించుకోవాల్సిన హెచ్చరిక అది.

అలాగని కీడు శంకించే అనుభూతిని కొట్టిపారేయకూడదు. నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో బృందం 1997లో ప్రచురించిన పేకాట ప్రయోగంలో, నష్టం తెచ్చే కట్ట వైపు చెయ్యి చాపేటప్పుడు ఆటగాళ్ల చర్మంలో చెమట స్పందన పెరిగింది. ఆ కట్ట చెడ్డదని వాళ్లు చెప్పగలిగింది ఆ తర్వాతే. అనుభవంలో పోగైన ఆనవాళ్లను మెదడు మనకు తెలియకుండానే లెక్కగడుతుంది.

వైద్యంలో దీని విలువ ఇంకా ఎక్కువ. గుండెపోటు, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం, తీవ్రమైన అలర్జీ, సరిపడని గ్రూపు రక్తం ఎక్కించడం వంటి వాటిలో రోగి ఉన్నట్టుండి ‘నేనిక బతకను’ అనవచ్చు. ప్యానిక్ అటాక్‌లోనూ ఇలాగే ఉంటుంది, కాని తేడా ఇంట్లో తేల్చలేం. ఇంట్లో ఎవరైనా ఆ మాటంటూ చెమటతో తడిసినా, ఆయాసపడినా, ఛాతీ పట్టుకున్నా ఊరికే భయపడుతున్నారని సర్దిచెప్పకండి, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.