ఒకే దెబ్బకు ముగ్గురు

మనకు క్రికెట్టు ఎట్టిదో అమెరికావారికి బేస్‌బాల్ అట్టిది. ఆ ఆటలో బంతిని దూరముగా కొట్టువానిని మెచ్చుకొనువారే పెక్కుమంది. నాకు మాత్రము బంతిని పట్టువాడే ముచ్చట. అందులోను ఒక్క ఆటగాడు, ఎవరి సాయమును లేక, ఒకే బంతితో ముగ్గురిని ఔటు చేయుట కంటె అపురూపమైనది వేరొకటి లేదు. 1909 మొదలు 2009 వరకు అక్కడి ప్రధాన లీగులలో ఇది 15 మారులు మాత్రమే జరిగినది.

ఇందులోని కిటుకు చెప్పవలెను. మైదానమున నాలుగు బేసులుండును. బంతి కొట్టినవాడు వరుసగా వానిని చుట్టివచ్చినచో ఒక పరుగు. ముగ్గురు ఔటైనచో ఆ జట్టు వంతు ముగియును. కొట్టిన బంతిని నేల తాకకుండ పట్టినయెడల కొట్టినవాడు ఔటు. అంతకుముందే బయలుదేరిన తోటివారు వెనుకకు మరలి తమ బేసును చేరుకొనవలెను. ఈలోగా బంతి గలవాడు ఆ బేసును తొక్కినను, వారిని బంతితో తాకినను వారును ఔటే.

1920వ సంవత్సరము క్లీవ్‌లాండు జట్టునకు దుఃఖవత్సరము. ఆగస్టు 16న న్యూయార్కులో కార్ల్ మేస్ విసరిన బంతి రే చాప్‌మన్ తలకు తగిలెను. ఆటగాండ్రు శిరస్త్రాణములు ధరించు కాలము కాదది. మరునాటి ఉదయమునకు ఆయన మరణించెను. రెండవ బేసునకు ఒక ప్రక్క చాప్‌మన్, మరియొక ప్రక్క బిల్ వామ్స్‌గాన్స్ కావలి కాయుచుండెడివారు. అంత పొడవు పేరు పలుకలేక జనులు రెండవవానిని ‘వాంబీ’ అనిరి. చాప్‌మన్ చోటికి జో స్యూయెల్ అను క్రొత్తవాడు వచ్చెను. మిగిలినవారు చేతికి నల్లపట్టీలు కట్టుకొని ఆడి, లీగు గెలిచి, వరల్డ్ సిరీస్ పోటీకి చేరిరి.

బ్రూక్లిన్ జట్టుతో నాలుగాటలైన పిమ్మట చెరి రెండు గెలుపులు. అక్టోబరు 10న క్లీవ్‌లాండులో అయిదవ ఆట. అయిదవ వంతునకు ఇంటివారు ఏడు పరుగుల ముందున్నారు. అప్పుడు బ్రూక్లిన్‌వారిలో కిల్డఫ్ రెండవ బేసున, మిల్లర్ మొదటి బేసున నిలిచియుండగా క్లారెన్స్ మిచెల్ బంతిని బలముగా కొట్టెను. అది తప్పక దాటిపోవునని ఆ ఇరువురును పరుగెత్తిరి. వాంబీ ప్రక్కకు ఉరికి, ఎగిరి, బంతిని అందుకొనెను. ఆ ఊపుతోనే రెండవ బేసును తొక్కెను. మూడవదాని వైపు పోవుచున్న కిల్డఫ్ ఔటు. వెనుకకు తిరిగి చూచునప్పటికి మిల్లర్ కొన్ని అడుగుల దూరమున నిశ్చేష్టుడై నిలిచియున్నాడు. వాంబీ పోయి బంతితో అతనిని తాకెను.

జరిగినదేమో తెలియక జనము ఒక్క క్షణము మిన్నకుండెను, పిమ్మట హోరెత్తెను.

ఇది వట్టి అదృష్టమని కొట్టివేయువారు కలరు. బంతి అందుట అదృష్టమే కావచ్చును. కాని మిల్లర్‌ను చూచి, మొదటి బేసు వైపు బంతి విసరక, తానే కదలుట అదృష్టము కాదు. పాపము, మిచెల్ చేసిన తప్పేమియు లేదు. బంతిని చక్కగనే కొట్టెను. తరువాతి వంతున అతడు కొట్టిన బంతికి మరి ఇద్దరు ఔటైరి. రెండు దెబ్బలకు అయిదుగురు!

ఆనాటి ఆటను 8-1 తోను, పోటీని 5-2 తోను క్లీవ్‌లాండు గెలిచెను. వరల్డ్ సిరీస్‌లో అట్టి ఘనత మరి ఎవ్వరికిని దక్కలేదు. పదమూడేండ్లు ఆడిన తన్ను లోకము ఆ ఒక్కనాటితోనే గుర్తుంచుకొనెనని వాంబీ ముసలితనమున వాపోయెను. ఆయన 1985లో, 91 ఏండ్ల వయస్సున మరణించెను.